మార్పులు చేసిన కారుకు ఆయిల్ కూలర్ అవసరమా?

ఇంజన్‌కు టర్బో పెట్టించడం, కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి హార్స్‌పవర్ పెంచుకోవడం ఈ రోజుల్లో మీలో చాలామందికి ఆసక్తి ఉన్న విషయాలు. అలా మార్పులు చేయించిన కారు షెడ్డు నుంచి బయటకు రాకముందే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "పవర్ పెంచావు కదా, ఆయిల్ కూలర్ కూడా పెట్టించెయ్." ఇంకొకరు "మామూలు రోడ్డు మీద తిరిగే బండికి అదెందుకు, డబ్బు దండగ" అంటారు. ఇద్దరూ నమ్మకంగానే చెబుతారు. ఎవరి మాట వినాలి?

ఈనాటి పాఠంలో ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రం సాయంతో జవాబు వెతుకుదాం. మీరు ఏడో తరగతి నుంచి చదువుతున్న ఉష్ణం, విశిష్టోష్ణం, సామర్థ్యం, స్నిగ్ధత అనే నాలుగు మాటలు చాలు. ఇది ఒక పరికరం కొనాలా వద్దా అన్న చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని తప్పు నిర్ణయానికి ఇంజన్ బిగుసుకుపోవచ్చు. సరిగా బిగించని కూలర్ గొట్టం నుంచి కారిన నూనె వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే మంట కూడా రావచ్చు. ఇంట్లో వాళ్లు నెలలపాటు కూడబెట్టిన డబ్బు, కారులో కూర్చున్న వాళ్ల ప్రాణం రెండూ ఇందులో ఉన్నాయి.

ఇంజన్ ఆయిల్ చేసే పని

ఇంజన్ ఆయిల్ కందెన అని మనందరికీ తెలుసు. క్రాంక్ షాఫ్ట్ తన బేరింగుల్లో తిరిగేటప్పుడు లోహానికీ లోహానికీ మధ్య వెంట్రుక మందం కన్నా ఎంతో పలుచని నూనె పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు లోహాలు ఒకదాన్నొకటి తాకవు. అది తెగిన క్షణం నుంచి అరుగుదల మొదలవుతుంది.

ఆయిల్‌కు రెండో పని కూడా ఉంది. పిస్టన్ అడుగుభాగం, బేరింగులు, టర్బో ఉంటే దాని ఇరుసు, వీటిలో చాలాచోట్లకు రేడియేటర్ నీరు నేరుగా చేరదు. అక్కడి వేడిని మోసుకొచ్చేది ఆయిలే. అది ఆ వేడితో అడుగున ఉన్న సంప్‌లోకి జారుతుంది. సంప్ గోడల ద్వారా గాలికి, ఇంజన్ దిమ్మె ద్వారా కూలెంట్‌కు వేడిని ఇచ్చి మళ్లీ పైకి వెళుతుంది.

గాలితో చల్లబడే మోటార్‌సైకిళ్లలో ఈ రెండో పని ఇంకా ముఖ్యం. పల్సర్ 220కి, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి ముందువైపు ఒక చిన్న జాలీ లాంటి పెట్టె కనిపిస్తుంది, గమనించండి. అదే ఆయిల్ కూలర్. ఆ ఇంజన్లలో నీటి రేడియేటర్ లేదు కాబట్టి కంపెనీయే దాన్ని అమర్చింది. మన కార్లలో రేడియేటర్ ఉంటుంది. అందుకే కూలర్ కావాలా అన్న ప్రశ్న వస్తోంది.

వేడెక్కితే ఏమవుతుంది?

ఆముదం వేడి చేస్తే నీళ్లలా జారడం మీరు చూసే ఉంటారు. ద్రవాల ఉష్ణోగ్రత పెరిగితే స్నిగ్ధత తగ్గుతుంది. 5డబ్ల్యూ-40 తరగతి ఆయిల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత సుమారు 85 సెంటీస్టోకులు ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర అది 14కు పడిపోతుంది. 130 డిగ్రీలకు సుమారు 8, 150 డిగ్రీలకు 6 అవుతుంది. అంటే 100 నుంచి 130కి చేరేసరికే స్నిగ్ధత దాదాపు సగమైంది. నూనె పొర ఆ మేరకు పలచబడుతుంది. ఆయిల్ ప్రెషర్ కూడా తగ్గుతుంది.

దీనితోపాటు రసాయనిక మార్పు కూడా జరుగుతుంది. ఎక్కువ వేడిలో ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. ఆ లెక్కన 110 దగ్గర కంటే 130 దగ్గర ఆయిల్ నాలుగు రెట్లు వేగంగా ముసలిదవుతుంది.

అలాగని ఆయిల్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అనుకోకండి. దహనంలో పుట్టే నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన పెట్రోలు కొంత సంప్‌లోకి దిగుతూ ఉంటాయి. ఆయిల్ 90 డిగ్రీలైనా దాటి కొంతసేపు తిరిగితేనే అవి ఆవిరై బయటకు పోతాయి. ఎప్పుడూ చల్లగానే ఉంటే ఆయిల్ పోసే మూత అడుగున మీగడ లాంటి తెల్లని పదార్థం పేరుకుంటుంది. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి ఘర్షణ పెంచుతుంది, మైలేజీ తగ్గిస్తుంది.

కాబట్టి సంప్‌లో 90 నుంచి 115 డిగ్రీలు ఆరోగ్యకరం. మంచి సింథటిక్ ఆయిల్ అయితే 120 దాకా కంగారు పడనక్కరలేదు. 130 దగ్గర నిలకడగా ఉంటే ఏదో ఒకటి చేయాలి. 140 దాటితే వెంటనే వేగం తగ్గించాలి. మెకానిక్కులు, రేసింగ్ వాళ్లు స్థూలంగా పాటించే హద్దులివి. మీ కారు కంపెనీ వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

ఉన్న సామర్థ్యం వేరు, వాడే సామర్థ్యం వేరు

ఈ పాఠంలో అసలు మెలిక ఇక్కడుంది. "పవర్ పెరిగింది కనుక వేడి పెరుగుతుంది" అన్న వాదనలో ఒక లోపం ఉంది. ఇంజన్ వేడి అది ఇవ్వగల సామర్థ్యం మీద ఆధారపడదు. ఆ క్షణంలో మనం దాని నుంచి తీసుకుంటున్న సామర్థ్యం మీద, అది తిరుగుతున్న వేగం మీద ఆధారపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్న చిన్న కారు ఒకటి ఉందనుకోండి. బరువు 1000 కిలోలు. మొదట దాని గరిష్ఠ సామర్థ్యం 60 కిలోవాట్లు, అంటే సుమారు 80 హార్స్‌పవర్. టర్బో పెట్టించాక 90 కిలోవాట్లయింది. మనుషులు, సామాను కలిపి ఇంకో 300 కిలోలు, మొత్తం 1300 కిలోలు.

మొదట సమతల రహదారి. గంటకు 100 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 27.8 మీటర్లతో వెళ్లేటప్పుడు గాలి నిరోధం ఇలాంటి కారుకు సుమారు 290 న్యూటన్లు, టైర్ల దొర్లుడు ఘర్షణ సుమారు 150 న్యూటన్లు. మొత్తం 440. దీన్ని వేగంతో గుణిస్తే 12 కిలోవాట్లు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 120 కి.మీ.కు పెంచారు. ఆ వేగంతో లెక్కిస్తే 19 కిలోవాట్లు వస్తుంది. అంటే మార్పులకు ముందున్న 60 కిలోవాట్లలోనే మూడో వంతు సరిపోతోంది. మిగతా 41 కిలోవాట్లు ఖాళీగా కూర్చున్నాయి. మార్పుల తర్వాత ఖాళీగా కూర్చునేవి 71 అవుతాయి, అంతే.

ఇప్పుడు ఘాట్ రోడ్డు. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే దారి సుమారు 18 కి.మీ. ఎత్తు సుమారు 700 మీటర్లు. 1300 కిలోలను 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. అంటే 1300ను 9.8తో, దాన్ని 700తో గుణిస్తే సుమారు 89 లక్షల జౌళ్లు. అరగంటలో, అంటే 1800 సెకన్లలో ఎక్కితే సగటున 5 కిలోవాట్లు. టైర్లకు, గాలికి ఇంకో 2 కలపండి. మొత్తం 7 కిలోవాట్లు! కొండ ఎక్కడమంటే ఇంజన్‌కు పెద్ద శ్రమ అని మనమనుకుంటాం. కాని సగటున అది సమతల రహదారిపై 100 కి.మీ. వేగం కన్నా తక్కువ సామర్థ్యమే అడుగుతోంది.

మరి కొండ మీద ఇంజన్లు ఎందుకు వేడెక్కుతాయి? ఒక కారణం గాలి. 36 కి.మీ. వేగంలో ఇంజన్ మీదుగా వీచే గాలి 100 కి.మీ. వేగంలో వీచేదానిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. రేడియేటర్‌కు ఫ్యాను సాయం ఉంది. సంప్‌కు ఫ్యాను లేదు. రెండో కారణం ఏసీ. అది మరికొన్ని కిలోవాట్లు అడుగుతుంది. మూడో కారణం మలుపు దాటిన ప్రతిసారీ చిన్న గేరులో ఇంజన్‌ను గట్టిగా తిప్పడం. అయినా ఇవన్నీ మార్పులు చేయని కారుకూ ఉండేవే. కంపెనీ వాళ్లు వీటిని లెక్కలో పెట్టుకునే కారును తయారుచేస్తారు.

ఇప్పుడు మూడో సందర్భం. అదే కారును చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో తీసుకెళ్లారనుకోండి. అక్కడ సగం సమయం యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంటే సగటున 45 కిలోవాట్లు వాడుతున్నట్టు. తిరుమల కొండకు వాడినదానికి ఆరు రెట్లకు పైమాట. పైగా ఇంజన్ నిమిషానికి 5000 నుంచి 6500 చుట్లు తిరుగుతూ ఉంటుంది. చుట్లు పెరిగితే ఘర్షణ వల్ల పుట్టే వేడి ఆ నిష్పత్తికి మించి పెరుగుతుంది. మనం తీసుకున్న 1.2 లీటర్ల ఇంజన్‌లో ఘర్షణకు పోయేది 2500 చుట్ల వద్ద సుమారు 2 కిలోవాట్లయితే, 6000 వద్ద 8 లేదా 9 కిలోవాట్లు ఉంటుందని అంచనా వేయవచ్చు. ఈ వేడిలో పెద్ద భాగం చేరేది ఆయిల్‌లోకే. మార్పులు చేసిన కారుకు కూలర్ అవసరం నిజంగా ఎదురయ్యేది ఇక్కడే.

ఎంతసేపు అన్నదే ముఖ్యం

ఒక లారీని దాటడానికి పది సెకన్లపాటు పూర్తి పవర్ వాడితే? మన కారులో 3.5 లీటర్ల ఆయిల్ ఉందనుకుందాం. అది సుమారు 3 కిలోలు. ఆయిల్ విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 2.1 కిలోజౌళ్లు. కాబట్టి మొత్తం ఆయిల్‌ను ఒక డిగ్రీ వేడి చేయడానికి 6.3 కిలోజౌళ్లు కావాలి. బయటకు పోయే వేడి కన్నా లోపలికి వచ్చేది 3 కిలోవాట్లు ఎక్కువైతే పది సెకన్లలో 30 కిలోజౌళ్లు చేరతాయి. అంటే 5 డిగ్రీలు. అందులోనూ ఇంజన్ లోహం కొంత పంచుకుంటుంది కాబట్టి అసలు పెరుగుదల ఇంకా తక్కువ. లారీని దాటాక అది తగ్గిపోతుంది. అదే మిగులు పది నిమిషాలు ఆగకుండా కొనసాగితే లోహం కూడా వేడెక్కిపోయి ఆయిల్ ప్రమాదపు హద్దుకు చేరుతుంది.

ఇక్కడ ఇంకో సందేహం వస్తుంది. పెద్ద సంప్ పెట్టి ఆయిల్ ఎక్కువ పోస్తే సరిపోదా? ఒకే పొయ్యి మీద చెంబెడు నీళ్లు, బిందెడు నీళ్లు పెట్టి చూడండి. బిందె ఆలస్యంగా మరుగుతుంది, కాని మరుగుతుంది. ఎక్కువ ఆయిల్ మనకు సమయాన్ని ఇస్తుంది. నిలకడగా వచ్చే వేడిని మాత్రం బయటకు పంపలేదు. ఆ పని చేసేది వైశాల్యం, గాలి. కూలర్ అంటే ఈ రెండే.

ముందు కొలవండి, తర్వాత కొనండి

డాష్‌బోర్డు మీద కనిపించే ఉష్ణోగ్రత ముల్లు కూలెంట్‌ది, ఆయిల్‌ది కాదు. రేడియేటర్ నీరు 90 దగ్గర ప్రశాంతంగా ఉండగా ఆయిల్ 135లో ఉండవచ్చు. కాబట్టి కూలర్ కన్నా ముందు కొనవలసింది ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు, వీలైతే ప్రెషర్ మీటరు. కూలర్ ఖరీదుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు. సెన్సర్‌ను సంప్‌లోగాని, ఆయిల్ ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య బిగించే అడాప్టర్ పలకలోగాని అమర్చుతారు. పరారుణ తుపాకీతో సంప్‌ను బయటి నుంచి కొలిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. అది గాలికి చల్లబడిన లోహం పైతలాన్ని చూస్తుంది. మెరిసే అల్యూమినియం పరారుణ కిరణాలను తక్కువగా వెలువరిస్తుంది కాబట్టి అంకె మరీ తగ్గి కనిపిస్తుంది.

ఇక ప్రయోగం. మీరు నిజంగా కారు నడిపే దారిలోనే, నిజంగా నడిపే విధంగానే నడపండి. పక్క సీట్లో కూర్చున్నవారు ప్రతి నిమిషానికీ బయటి ఉష్ణోగ్రత, కూలెంట్, ఆయిల్, ప్రెషర్ అంకెలు రాయాలి. నడిపేవారు రాయకూడదు. ఇంటికి వచ్చి గ్రాఫు గీయండి. ఆయిల్ గీత 110 దగ్గర చదునుగా మారితే లోపలికి వచ్చే వేడి, బయటకు పోయే వేడి సమానమయ్యాయని అర్థం. మీకు కూలర్ అక్కరలేదు. 130 దాటినా గీత ఇంకా పైకే పోతుంటే సమతుల్యత రాలేదని అర్థం.

డిసెంబరు ఉదయం 25 డిగ్రీల్లో కొలిచి, మే నెల 43 డిగ్రీల ఎండకు తీర్పు చెప్పకండి. భద్రంగా ఉండాలంటే ఆ 18 డిగ్రీల తేడాను కొలతకు కలిపి చూడండి. నిజంగా అంత పెరగకపోవచ్చు. కాని అంచనా జాగ్రత్త వైపే మొగ్గడం మంచిది.

గ్రాఫు చదవడం ఇలా. కూలెంట్, ఆయిల్ రెండూ పెరుగుతున్నాయా? అయితే రోగం రేడియేటర్‌లోనో, ఫ్యానులోనో, థర్మోస్టాట్‌లోనో, లేదా కొత్త ప్రోగ్రాం ఇచ్చిన ఇంధన మిశ్రమంలోనో, స్పార్క్ సమయంలోనో ఉంది. ముందు దాన్ని సరిచేయాలి. కూలెంట్ మామూలుగా ఉండి ఆయిల్ ఒక్కటే ఎక్కువ వేడెక్కుతోందా? ఆయిల్ మట్టం చూడండి. కంపెనీ చెప్పిన తరగతి ఆయిలేనా చూడండి. అడుగున కొత్తగా బిగించిన పలకలేవైనా సంప్‌కు గాలి తగలకుండా చేస్తున్నాయా చూడండి. ఇవన్నీ సరిగా ఉండి కూడా 130 దాటుతుంటే, అప్పుడు కూలర్ అవసరమే.

పెట్టించవలసి వస్తే

కూలర్లు రెండు రకాలు. మొదటిది ఆయిల్ వేడిని కూలెంట్‌కు ఇచ్చే ఉష్ణ వినిమాయకం. చాలా టర్బో ఇంజన్లలో ఇది ఆయిల్ ఫిల్టర్ దగ్గర కంపెనీయే అమర్చి ఉంటుంది. మీ కారులో ఉందేమో ముందు చూసుకోండి. ఉదయం పూట కూలెంట్ త్వరగా వేడెక్కి ఆయిల్‌ను కూడా వేడి చేస్తుంది, తర్వాత ఆయిల్ హద్దు మీరకుండా చూస్తుంది. రోజూ రోడ్డుపై తిరిగే కారుకు ఇదే అనువు. అయితే రేడియేటర్‌పై భారం పెరుగుతుంది. రెండో రకం గాలికి నేరుగా వేడినిచ్చేది. ట్రాక్‌పై తిరిగే కారుకు ఇది మేలు.

గాలి కూలర్ గుండా నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ ప్రవహిస్తూ 10 డిగ్రీలు చల్లబడితే అది తీసివేసే వేడి సుమారు 5.7 కిలోవాట్లు. కాబట్టి దుకాణంలో కనిపించిన అతి పెద్ద కూలరే కొనాలన్న నియమం లేదు. థర్మోస్టాట్ ఉన్న అడాప్టర్ మాత్రం తప్పనిసరి. ఆయిల్ సుమారు 80–90 డిగ్రీలు చేరేదాకా అది ప్రధాన ప్రవాహాన్ని కూలర్‌కు పంపదు. ఇది లేకపోతే జనవరిలో ఢిల్లీ చలిలో మీ ఆయిల్ గంటసేపు నడిపినా వేడెక్కదు.

కూలర్‌ను రేడియేటర్ ఎదుట అడ్డంగా బిగిస్తే రేడియేటర్‌కు వేడి గాలి అందుతుంది. ఆయిల్‌ను కాపాడబోయి కూలెంట్‌ను మరిగించినట్టవుతుంది. గొట్టాలు ఛాసిస్‌కు రాసుకోకూడదు, సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉండాలి, ఆయిల్ వేడికీ ప్రెషర్‌కూ తగిన రకంవే కావాలి. అవసరం లేని కారుకు కూలర్ పెట్టడమంటే కారడానికి అరడజను కొత్త అతుకులు ఇవ్వడమే. ఒక్క గొట్టం ఊడితే కొన్ని సెకన్లలోనే సంప్ ఖాళీ అవుతుంది. ఆయిల్ దీపం వెలగగానే ఇంజన్ ఆపకపోతే మిగిలేది ఇనుప ముద్ద.

టర్బో ఉన్నవారికి ఒక మాట. గట్టిగా నడిపిన వెంటనే ఇంజన్ ఆపితే టర్బో ఇరుసులో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా అంటుకుంటుంది. ప్రవాహం ఆగిపోయాక ఎంత పెద్ద కూలరైనా ఏమీ చేయలేదు. చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపి, ఒక నిమిషం ఇంజన్‌ను ఖాళీగా తిప్పి ఆపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ కంపెనీ నిర్దేశాలకూ భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్లీ స్పష్టం చేసింది. కాబట్టి ఇంజన్ మీద చెయ్యి వేయడానికి ముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోవాలి.

మొత్తం మీద, మార్పులు చేసినా కాలేజీకి, ఊరికి, కొండకు మాత్రమే వెళ్లే కారుకు చాలా సందర్భాల్లో కూలర్ అక్కరలేదు. నిమిషాల తరబడి పూర్తి సామర్థ్యం వాడే కారుకు అది అవసరం కావచ్చు. మీ కారు ఏ కోవలోకి వస్తుందో సలహా ఇచ్చే స్నేహితుడు గాని, అమ్మే దుకాణదారు గాని చెప్పలేరు. మీరు గీసిన గ్రాఫు చెబుతుంది.

ఇక మీకొక అభ్యాసం. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఏదైనా ఘాట్ రోడ్డు పొడవు, ఎత్తు తెలుసుకోండి. మీ ఇంటి వాహనం బరువు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది, ఎక్కేవాళ్ల బరువు దానికి కలపండి. ఆ కొండ ఎక్కడానికి సగటున ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్కించి, ఇంజన్ గరిష్ఠ సామర్థ్యంతో పోల్చి చూడండి. కారు లేనివారు స్కూటరుతో గాని, ఆర్టీసీ బస్సుతో గాని ఇదే లెక్క చేయవచ్చు. వచ్చిన జవాబును మీ తరగతిలో మిత్రులతో చర్చించండి.